చినిగిన పుటకు చివరి పాఠకుడే బాధ్యుడు

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల నియమావళిలో అపురూపమైన న్యాయసూత్రం ఒకటి ఉంది. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు అందులో చిరుగు, మరక, గీత, లోపించిన పుట, వీటిలో ఏది కనిపించినా దానికి ఆఖరున తీసుకున్న పాఠకుడే బాధ్యుడు. పాత లోపమైతే తీసుకునేటప్పుడే చూసుకుని కౌంటర్‌లో రాయించుకోవడం అతని విధి. ఎందరి చేతులో మారిన పుస్తకం విషయంలో తిలాపాపాన్ని తలా పిడికెడు పంచడం శ్రమతో కూడిన పని కనుక, మొత్తం పాపాన్ని దొరికిన ఒక్కరి నెత్తిన పెట్టడమే సులువని నియమకర్తలు గ్రహించారు. దీన్ని కొందరు అన్యాయమంటున్నారు. నిర్వహణ అంటే ఏమిటో వారికి తెలియదని సరిపెట్టుకోవాలి.

ఆరువందల పుటల గ్రంథాన్ని కౌంటర్ ముందు నిలబడి అట్ట నుంచి అట్ట దాకా పరీక్షించే పాఠకుడు ఇంతవరకు పుట్టలేదు. పుట్టినా వెనక వరసలో ఉన్నవారు బతకనివ్వరు. కనుక లోపం ఇంటికి వెళ్ళాకే బయటపడుతుంది. 208వ పుట తరువాత 225 వస్తుంది. మధ్యలోని ఎనిమిది ఆకులను ఎవరో బ్లేడుతో, కుట్టు పక్కన గోరంత అంచు మాత్రం మిగిల్చి, కింది పుట మీద గాటు కూడా పడనంత నేర్పుగా కోసుకుపోయారు. పరీక్షకు వచ్చే అధ్యాయం సరిగ్గా అంతే. ద్వారం వద్ద కాపలా కాసే యంత్రం ఆ సమయంలో ఏం చేస్తోందని అడగడం అమాయకత్వం. దానికి తెలిసిందల్లా పుస్తకం వెన్నులో దాచిన అయస్కాంతపు పట్టీ, లేదా వెనక అట్ట లోపల అంటించిన చిప్పు. అవి పుస్తకంతోపాటు బీరువాలో క్షేమంగా ఉన్నాయి కనుక, జేబులో మడిచిన పదహారు పుటలకు అది కిక్కురుమనకుండా దారి ఇచ్చింది.

ఇక ఇంట్లో ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్న పాఠకుడి సంగతి. అతను నోరు మూసుకుని గడువులోగా తిరిగి ఇచ్చేస్తే, ఉద్యోగి అట్ట చూసి, బార్‌కోడు చదివించి, చిరునవ్వుతో పంపిస్తాడు. అలా కాక, లోపాన్ని తానే వేలుపెట్టి చూపిస్తే, ఆ క్షణం నుంచి అతను పాఠకుడు కాడు, నష్టకారకుడు. అతనికి ఇచ్చే పత్రంలో ‘నష్టం జరిగిన తేదీ’ అనే గడి ఒకటి ఉంటుంది. తెలియదని రాస్తే పత్రం అసంపూర్ణం. ఏదో ఒక తేదీ రాస్తే నేరాంగీకారం. దొరికినవాడే దొంగ అన్న సామెతను గ్రంథాలయశాస్త్రం ఈ విధంగా మరికొంత మెరుగుపరిచింది: చెప్పినవాడే దొంగ. తరువాత అతను పుస్తకం వెలతోపాటు, కొత్త ప్రతికి నంబరు వేసి, ముద్ర కొట్టి, చీటీ అంటించే శ్రమకు రుసుము కూడా చెల్లించాలి. లేదా ప్రతినే కొని తేవచ్చు, కాని పోయింది మూడో ఎడిషన్ అయితే తేవలసిందీ మూడో ఎడిషనే. రచయిత స్వయంగా తప్పులు దిద్ది తెచ్చిన ఎనిమిదో ఎడిషన్ పనికిరాదు. తప్పులతో సహా పోయిన వస్తువును తప్పులతో సహా పూరించడమే న్యాయమని ఇందులోని భావం.

నీటి విషయంలో ఈ సూత్రం గొప్పదనం మరింత బాగా తెలుస్తుంది. తడిసిన పుస్తకానికి బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. ఆ లోగా గ్రంథాలయానికి చేరితే, పుటల మధ్య అద్దుడు కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి నిలబెట్టి ఆరబెడతారు. బొమ్మలున్న నున్నటి కాగితమైతే ఆరేకొద్దీ పుటలు ఒకదానికొకటి అతుక్కుని విడదీయరాకుండా పోతాయి కనుక, వెంటనే గడ్డకట్టించి తరువాత తీరిగ్గా చూసుకుంటారు. కాని వర్షంలో తడిసిన పుస్తకాన్ని అదే సాయంత్రం తెచ్చి చూపిన పాఠకుడికి మొదట దక్కేది ఫ్యాను కాదు, పత్రం. ఆ సంగతి తెలిసిన వివేకవంతుడు దాన్ని పరుపు కింద పెట్టి, గడువు తేదీ దాకా దైవం మీద భారం వేస్తాడు. నల్లమచ్చలతో, ముక్కు మూసుకోవలసిన వాసనతో అది తిరిగి వచ్చి, చుట్టుపక్కల నాలుగు పుస్తకాలకు ఆ బూజును పంచిపెడుతుంది. ఒక పుస్తకం వెల రాబట్టే ప్రయత్నంలో ఐదు పుస్తకాలను వదులుకోవడానికి సిద్ధపడిన సంస్థ నియమనిష్ఠను శంకించలేము.

కాగితానికి దాని సొంత పాపాలు కూడా ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి కలప గుజ్జుతో చవకగా తయారైన కాగితానికి, సిరా పాకకుండా పటిక కలిపిన పూత పట్టించేవారు. దానిలోంచి పుట్టే ఆమ్లం కాగితాన్ని లోపలి నుంచే తినేస్తుంది. పుట మూలను ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు మడిస్తే విరిగి చేతిలోకి వస్తుంది. వందేళ్ళ కిందట మిల్లులో మొదలైన ఈ నేరానికి శిక్ష మొన్న మంగళవారం ఆ పుట తిప్పిన విద్యార్థికి పడుతుంది. పశ్చాత్తాపంతో అతను దానికి సెల్లోటేపు అంటించాడో, అది రెండో నేరం. ఆ జిగురు కొన్నేళ్ళకు పసుపుపచ్చగా మారి అక్షరాల మీదికి పాకుతుంది. నిపుణులు పలుచని జపాన్ కాగితాన్ని గోధుమ గంజితో అంటిస్తారు, ఎందుకంటే కావాలంటే తడిపి ఊడదీయవచ్చు. ఈ తేడా పాఠకుడికి ముందే చెబితే పోయేది కదా అంటారేమో. అప్పుడు రెండో నేరం ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రాచీనులకు ఈ సూక్ష్మత లేదు. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలో నినెవేలో మట్టిపలకల గ్రంథాలయం నడిపిన అస్సిరియా రాజు అషుర్‌బనిపాల్, పలకలను ఎత్తుకుపోయినవారిని దేవతలు నాశనం చేయాలని వాటి మీదే శాపాలు చెక్కించాడు. శాపం మోటుదే కాని, ఎత్తుకుపోయినవాడికే తగిలేది. పలక కనిపించడం లేదని వచ్చి చెప్పినవాడికి తగిలేది కాదు.

ఓర్పు వహించినవారికి దక్కే గౌరవం వేరు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పేరిట 1789 అక్టోబరులో న్యూయార్క్ సొసైటీ లైబ్రరీ నుంచి వెళ్ళిన న్యాయశాస్త్ర గ్రంథం తిరిగి రాలేదు. 2010లో ఆయన నివాసాన్ని సంరక్షించే సంస్థ అదే ఎడిషన్‌కు చెందిన మరో ప్రతిని తెచ్చి అప్పగించింది. గ్రంథాలయం సభ చేసి స్వీకరించింది, ఆలస్య రుసుము అడగలేదు. రెండు వారాలు ఆలస్యమైన విద్యార్థికి హాల్‌టికెట్ ఆపుతారు. రెండు శతాబ్దాలు దాటితే సభ చేస్తారు. ఇందులో పోనుపోను అనుసరించదగిన విధానమేదో పాఠకులే నిర్ణయించుకోవచ్చు. 2019లో షికాగో ప్రజా గ్రంథాలయం ఆలస్య రుసుమునే ఎత్తివేయగా, ఏళ్ళ తరబడి కనిపించని పుస్తకాలు వరసకట్టి తిరిగి వచ్చాయన్న వార్త కూడా ఉంది. ఇటువంటివి మన కమిటీల దృష్టికి రాకుండా చూడటం మంచిది.

నష్టాల రిజిస్టరును మాత్రం ఇప్పటికన్నా మంచి పనికి వాడవచ్చని నా మనవి. అందులో పేరు ఎక్కాలంటే తనంత తానుగా వచ్చి చెప్పడం తప్ప దాదాపు వేరే మార్గం లేదు. కాబట్టి సత్ప్రవర్తన ధ్రువపత్రం ఇవ్వవలసిన అధికారులు దాన్ని తిరగేసి, పేరున్నవారికి వెంటనే, లేనివారికి విచారణ తరువాత ఇస్తే సరిపోతుంది.

ఇక పోయిందని డబ్బు కట్టించుకున్న పుస్తకం స్టాక్ వెరిఫికేషన్‌లో వేరే శాస్త్రం బీరువాలో, పెద్ద పుస్తకాల వెనక కనిపించడం తరచుగా జరిగేదే. ఒకే ప్రతి ఉన్న పుస్తకాన్ని పరీక్షల ముందు ఎవరో అక్కడ దాచి ఉంటారు. కట్టిన డబ్బు వాపసు ఇవ్వరు, ఎందుకంటే ఆ ప్రతిని లెక్కలో చేర్చినప్పుడు వేసిన యాక్సెషన్ నంబరు అప్పటికే రద్దయింది. నంబరు లేదు కనుక క్యాటలాగులో ఎక్కించరు, క్యాటలాగులో లేదు కనుక ఎవరికీ ఇవ్వరు, తీసి పారేయడానికి కూడా అది ముందు లెక్కలో ఉండాలి. అందువల్ల అది అక్కడే ఉంటుంది. దాన్ని చూసి కౌంటర్‌కు తెచ్చిన పాఠకుడిని మాత్రం, లేని పుస్తకం తన చేతికెలా వచ్చిందో లిఖితపూర్వకంగా తెలపమని అడుగుతారు.