గోలీలకూ పగ్గాలివ్వాలి

ఐస్ హాకీలో గోల్‌కీపర్‌గా, అంటే గోలీగా, రాణించినవారిని ఆట మానేశాక కోచ్‌లుగా తీసుకుంటారు. కానీ చాలాసార్లు ఆ పని కుర్ర గోలీలకు మెలకువలు నేర్పడం వరకే. మొత్తం జట్టు అప్పగించాలంటే వెనకాడతారు. అది సరికాదని మా అభిప్రాయం. అందుకు అమెరికన్ కోచ్ రాబ్ స్టాబర్ ప్రస్థానమే రుజువు.

డులూత్‌లో పుట్టిన స్టాబర్ మిన్నెసోటా యూనివర్సిటీ గోలీ. కాలేజీ హాకీలో అత్యుత్తమ ఆటగాడికి 1981 నుంచి ఇస్తున్న హోబీ బేకర్ అవార్డును 1988లో అందుకున్నాడు. అంతకుముందు ఏ గోలీకీ అది దక్కలేదు. మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో, సొంత అభిమానుల ముందు, హార్వర్డ్‌తో జాతీయ ఫైనల్. స్కోరు 3-3. ఓవర్‌టైమ్‌లో మిన్నెసోటా ఆటగాడు ర్యాండీ స్కార్డా కొట్టిన పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) గోల్ పోస్టుకు ఠంగున తగిలి బయటికొచ్చేసింది. ఆ తర్వాత హార్వర్డ్ గోల్ కొట్టి కప్పు పట్టుకుపోయింది. గెలిపించాల్సిన షాట్ అంగుళాల్లో తప్పింది, ఓటమి గోల్ మాత్రం గోలీ ఖాతాలో పడింది. ఈ స్థానంలో ఆడేవాళ్లకు ఆ టెన్షన్ నిత్యం ఉండేదే.

లాస్ ఏంజెలెస్ కింగ్స్, బఫలో సేబర్స్ జట్లకు ఆడాక స్టాబర్ గోలీల కోచ్‌గా తన యూనివర్సిటీకే తిరిగొచ్చాడు. 2002లో మళ్లీ సెయింట్ పాల్‌లోనే ఫైనల్, మళ్లీ ఓవర్‌టైమ్, మళ్లీ 4-3. ఈసారి మెయిన్ యూనివర్సిటీపై గెలిచింది మిన్నెసోటా. 2003లో టైటిల్ నిలబెట్టుకుంది.

2014 సోచి ఒలింపిక్స్‌లో ఆయన అమెరికా మహిళల జట్టు గోలీల కోచ్. ఫైనల్లో దాడికి మరో ఆటగాడిని దింపేందుకు కెనడా తన గోలీని వెనక్కి పిలిచి నెట్ ఖాళీగా వదిలేస్తే, అమెరికా కొట్టిన పక్ అక్కడా పోస్టుకే తగిలింది. చేతికందిన స్వర్ణం చేజారింది.

2018 ఒలింపిక్స్‌కు దక్షిణ కొరియా వెళ్లేనాటికి ఆయనే హెడ్ కోచ్. కెనడాతో ఫైనల్లో గోల్ కాపలాకు ఆయన నమ్మింది 20 ఏళ్ల మ్యాడీ రూనీని. మ్యాచ్ షూటౌట్‌కు వెళ్లింది. జోస్లిన్ లామరూ గోల్ కొట్టింది, మెగన్ అగోస్టా ఆఖరి షాట్‌ను రూనీ ఆపేసింది. 1998 తర్వాత అమెరికా మహిళలకు మళ్లీ స్వర్ణం.

అంత పెద్ద మ్యాచ్‌లో అంత చిన్న వయసు గోలీ మీద నమ్మకం పెట్టుకోవాలంటే ఆ గోల్ ముందు నిలబడి, ఓడి, మర్నాడు మళ్లీ ప్రాక్టీస్‌కు వచ్చిన అనుభవం ఉండాలి. మన దగ్గర 2024లో హాకీ గోల్‌కీపర్‌గా ఆడిన పి.ఆర్. శ్రీజేశ్‌కు జూనియర్ హాకీ జట్టును అప్పగించడాన్ని మేము సమర్థించేదీ ఇందుకే. అమెరికా కాలేజీల్లో ఈసారి హెడ్ కోచ్ పదవి ఖాళీ అయినప్పుడు, గోలీల గదిలో ఏళ్లుగా పనిచేస్తున్న మనిషిని ముందుగా ఇంటర్వ్యూకు పిలవాలి.