సవరణ: తల్లి పురుగు వాసన గురించి మొన్న రాసింది

మొన్న లింగాకర్షక బుట్టల (పురుగులను వాసనతో రప్పించి పట్టేటివి) గురించి పెట్టిన పోస్టులో, పత్తి కాయలు తొలిచే గులాబీ పురుగు తల్లి (రెక్కలొచ్చిన ఆడది) మగదాన్ని పిలిచే వాసనను పగలంతా తయారు చేసి కడుపులో ఒక సంచిలో దాచుకుంటదని, రాత్రి మూత తీసినట్టు వదుల్తదని రాసిన. అది తప్పు. మన కిన్వట్ దిక్కు పత్తి రైతులు చానామంది దాన్ని షేర్ చేసిన్రు, అందుకే సరిచేస్తున్న.

పొట్ట చివర ఎనిమిదో, తొమ్మిదో కణుపుల నడుమ పలచటి పొర ఉంటది, అదే గ్రంథి. చానా రకాల రెక్కల పురుగుల్లో చీకటి పడినంక తలలోంచి పీబాన్ అనే హార్మోన్ వచ్చి ఆ గ్రంథిని పనిలో పెడ్తది, అది కొవ్వు ఆమ్లాల నుంచి అప్పటికప్పుడు వాసన తయారు చేస్తది, అంటే ట్యాంకు నింపి పెట్టుకునుడు కాదు. పట్టుపురుగు లాంటి వాటిల ముడిసరుకు మాత్రం గ్రంథి కణాల్లోనే చిన్న కొవ్వు బొట్లుగా ఉంటది. వదిలేటప్పుడు తోక కొసను బయటికి చాపి కదలకుండ కూసుంటది, ఆ తడి పొర మీదికెల్లి వాసన గాలిలో కలుస్తది.

ఇంకో తప్పు, బుట్టలో తల్లులు పడ్తయని రాసిన. పడేటివి మగవే, ఎందుకంటే లూర్‌లో (బుట్టలో పెట్టే వాసన ఎరలో) ఉండేది ఆడదాని వాసన, గాసిప్లూర్. బుట్టలో మగవి పడ్డయని గుడ్లు ఆగినట్టు కాదు. వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 చొప్పున పడితే పూలు, కాయలు కోసి లోపల పురుగు ఉందేమో చూడున్రి.