అక్షరం పొల్లుపోకుండా

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర డీటీపీ, జిరాక్స్ చేసుకుని బతికేవాణ్ణి. పెండ్లి పత్రికలో మేనమామ పేరు ఒక్క అక్షరం తప్పుపోతే కొట్లాటకొచ్చే జనాన్ని రోజూ చూస్తుంటాను. అందుకే ఆ మధ్య ఒక పరిశోధక విద్యార్థి పెన్ డ్రైవ్ నా చేతిలో పెట్టి, "ఇంటర్వ్యూలన్నీ అక్షరం పొల్లుపోకుండా దించాలన్నా" అన్నప్పుడు, ఇది మన బాపతు పనే కదా అనుకున్నాను. మర్రిగూడ మండలంలో తాగేనీళ్లలోని ఫ్లోరైడ్ మీద పరిశోధన. నిమిషానికి పది రూపాయలు. నేను పనిచేసే నిమిషానికి కాదు, రికార్డింగులో వినపడే నిమిషానికి.

పెన్ డ్రైవ్‌తో పాటు పదకొండు పేజీల నియమావళి వచ్చింది. దగ్గితే దగ్గు రాయాలి. నవ్వితే నవ్వు రాయాలి. ఆగితే ఎంతసేపు ఆగారో బ్రాకెట్లో సెకన్లు వేయాలి. వేళాకోళం కాదు, దీనికొక శాస్త్రమే ఉంది. గెయిల్ జెఫర్సన్ అనే అమెరికా పండితురాలు మాటలు దించడానికి గుర్తులు తయారుచేశారు. లిప్తపాటు ఆగితే బ్రాకెట్లో ఒక చుక్క. అక్షరం సాగదీస్తే పక్కన కోలన్లు, ఎంత సాగితే అన్ని. ఆమె మా జిల్లా ముసలమ్మల "అయ్యో" విని ఉండరు. ఒక్క అయ్యోకు లైను నిండా కోలన్లు పట్టాయి.

గంట రికార్డింగు దించడానికి మామూలుగానే నాలుగైదు గంటలు పడుతుంది. నాకు మూడు రోజులు పట్టింది. అందులో ఒకరోజు "ఆఁ" ఒక్కదానికే పోయింది. విన్నానంటే ఆఁ. సరేనంటే ఆఁ. ఏమన్నావ్ అంటే ఆఁ. నువ్వు చెప్పేది నేను నమ్మను అన్నా ఆఁ. నియమావళిలో దానికి ఒకటే స్పెల్లింగు. ఇక నాలుకతో "ట్చ్" అని కొట్టే చప్పుడుంది చూశారూ, లేదు, కాదు, ఏం లాభం అని మనం రోజుకు వందసార్లు చేసేది, మన యాభై ఆరు అక్షరాల్లో దానికి అక్షరమే లేదు. విద్యార్థికి ఫోన్ చేస్తే "గైడ్‌ను అడిగి చెప్తానన్నా" అన్నాడు. గైడ్‌గారు ఏమన్నారని మళ్లీ అడిగితే అవతల నుంచి "ట్చ్" అని వినపడింది.

అసలు టెన్షన్ పద్నాలుగో నిమిషంలో మొదలైంది. అవ్వ మాట్లాడుతోంది, విద్యార్థి ప్రశ్న వేస్తున్నాడు, మధ్యలో మూడో గొంతు. బొంగురుగా, దీర్ఘంగా, చాలా నమ్మకంతో ఏదో అంటోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్పీడ్ సగానికి తగ్గించి పదిసార్లు విన్నాను. "ఔ" లాగా ఉంది. అవ్వ చెప్పిన ప్రతి మాటకూ ఔనంటున్న ఆ పెద్దమనిషెవరో తెలియక "మూడో వ్యక్తి: (అస్పష్టం)" అని రాశాను. నియమావళి ఏడో పేజీ ప్రకారం మూడో వ్యక్తి ఉంటే వయసు, లింగం, అవ్వకు వరుసకు ఏమవుతారో రాయాలి. విద్యార్థికి ఫోన్ చేశాను.

"ఇంకెవరూ లేరన్నా అక్కడ."

"ఉన్నారు తమ్మీ. పద్నాలుగు నుంచి ఇరవై రెండు దాకా ఉన్నారు. మీకంటే ఆయనే ఎక్కువ మాట్లాడిండు."

కాసేపు ఆలోచించి, "అన్నా, అది బర్రె" అన్నాడు.

కథ అక్కడితో అయిపోలేదు. రికార్డింగులో గొంతు ఉన్న ప్రతివారి సమ్మతి పత్రం ఉండాలట. బర్రెను తీసేద్దామంటే అక్షరం పొల్లుపోతుంది. ఉంచుదామంటే సంతకం లేదు. గైడ్‌గారి దాకా పోయింది వ్యవహారం. రెండు రోజుల తర్వాత తీర్పు వచ్చింది: బర్రెను "నేపథ్య ధ్వని"గా పరిగణించవలెను. ఇరవై రెండో నిమిషంలో పాత ఇనుప సామాన్ల ఆటో మైకు వచ్చి అవ్వ మాటను పూర్తిగా మింగేసింది. దాన్నీ నేపథ్య ధ్వనిలోనే వేశాను. బర్రెకు లేని సమ్మతి ఆటోకెందుకు?

ఇంత కష్టం దేనికి, కంప్యూటరే దించుతుంది కదా అంటారు. ఆ ముచ్చటా తీరింది. మాట వింటూనే ఇంగ్లీషులో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి చూశాను. అవ్వ "బోరింగు నీళ్లు" అన్నది. మా దగ్గర చేతిపంపును బోరింగు అంటామని దానికేం తెలుసు? ఆ నీళ్లు విసుగు పుట్టిస్తాయని రాసింది.

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వురాని సంగతి.

నీళ్లలో ఫ్లోరైడ్ తీసేయడానికి మా ఊరి పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) శాస్త్రవేత్తలు తయారుచేశారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెట్టి వదిలేస్తే ఫ్లోరైడ్‌ను పట్టుకుని మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేటను వడకట్టుకోవడమే. అదే టెక్నిక్ మాటలకూ ఉంటుందని గైడ్‌గారు ఫైలు దిద్ది పంపినప్పుడు తెలిసింది.

అవ్వ చెప్పింది ఇది: "గా బోరింగు నీళ్లే తాగెటోళ్లం బిడ్డా. పోరడు పుట్టినప్పుడు మంచిగనే ఉండె. నడక నేర్సినంక కాళ్లు వంకరవోయినయ్. నీళ్లల్ల ఇసముంటదని నాకేమెరుక?"

దిద్దిన ఫైల్లో ఉన్నది ఇది: "మేము ఆ చేతిపంపు నీటినే సేవించేవాళ్లం. బాబు జన్మించినప్పుడు ఆరోగ్యంగానే ఉన్నాడు. నడక నేర్చిన అనంతరం కాళ్లకు వైకల్యం సంభవించింది. నీటిలో విషపదార్థం ఉంటుందనే అవగాహన నాకు లేదు."

నల్లగొండ మొత్తం మడ్డిలో దిగిపోయింది. పైన తేట మిగిలింది. ఆమె దగ్గులు మాత్రం నాలుగూ భద్రంగా ఉన్నాయి.

యాసను మార్చారని మాత్రమే కాదు నా బాధ. యాసను తీసి అవతల పడేయడం మాకు కొత్తేం కాదు, బడిలోనే మొదలైంది. కానీ "నాకేమెరుక" అంటే అడగడమయ్యా! కన్నతల్లి అడుగుతోంది. బోరింగు వేయించినోళ్లను, ఆ నీళ్లను పరీక్ష చేయాల్సినోళ్లను, ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దన్న సంగతి ఎరుక ఉండీ ఊరుకున్నోళ్లను అడుగుతోంది. దాన్ని "అవగాహన లేదు" అని ఆమె నోట్లోనే పెట్టి, నేరం ఒప్పుకున్నట్టు రాసుకుంటారా? అక్కడితో ఆగారా అంటే లేదు. వెనక పట్టికలో "అవగాహన లేనివారు" అని గడి గీసి, ఆమెను అందులో ఒక అంకె చేశారు. ఆ గడి కింద సిఫార్సు: గ్రామాల్లో అవగాహన సదస్సులు నిర్వహించాలి. ఎవరికి సదస్సు? ఆ కాళ్లకు నలభై ఏండ్లు నూనె రాసిన మనిషికా?

ఆ "నాకేమెరుక" తర్వాత రికార్డింగులో నలభై ఒక్క సెకన్లు మాట లేదు. నేను లెక్కపెట్టాను, పెట్టమన్నారు కాబట్టి. కొంగు చప్పుడు ఒకసారి వినపడింది. ఆ తర్వాత విద్యార్థి గొంతు: "అమ్మా, మీ బాధను ఒకటి నుంచి ఐదు వరకు ఎంతని చెప్తారు?" అవ్వ "ట్చ్" అన్నది.

బిల్లు పెట్టినప్పుడు ఆ నలభై ఒక్క సెకన్లను కొట్టేశారు. మాట లేనిచోట టైపింగు లేదు కదా అన్నారు. బర్రె అరిచిన నిమిషాలకు మాత్రం పైసలు ఇచ్చారు.

థీసిస్ బైండింగుకు మళ్లీ నా దగ్గరికే వచ్చింది. బర్రె ఏమైందోనని ఆత్రంగా అనుబంధం తిరగేశాను. పద్నాలుగో నిమిషం దగ్గర నేను "(బర్రె ఒర్రింది)" అని రాశాను.

"(గేదె అరిచెను)" అని ఉంది.