ఎలీ డి లా క్రూజ్ విలువ ఎంత? 67 స్టీల్స్ జ్ఞాపకాన్ని పక్కనపెట్టి లెక్కేద్దాం

ఇద్దరు బేస్‌బాల్ షార్ట్‌స్టాప్‌ల (రెండు, మూడు బేస్‌ల మధ్య కాపలా కాసే ఫీల్డర్ల) 2025 సీజన్ అంకెలు ఇవి. ఒకరు 23 హోమర్లు (బంతిని మైదానం దాటించడం), 88 ఆర్‌బీఐలు (తన బ్యాటుతో జట్టుకు రప్పించిన రన్స్), 99 రన్స్, 38 స్టీల్స్ (బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం). ఇంకొకరు 22 హోమర్లు, 86 ఆర్‌బీఐలు, 102 రన్స్, 37 స్టీల్స్. మొదటి ఆటగాడు కాన్సస్ సిటీ రాయల్స్‌కు ఆడే బాబీ విట్ జూనియర్. ఫాంటసీ డ్రాఫ్ట్ (వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడం) మొదలయ్యిందంటే తొలి నాలుగైదు పేర్లలో అతని పేరు ఉండి తీరుతుంది. రెండో ఆటగాడు సిన్సినాటి రెడ్స్ కుర్రాడు ఎలీ డి లా క్రూజ్. అతని సీజన్ గురించి మాత్రం అభిమానులు పెదవి విరిచారు. ‘2024లో 67 స్టీల్స్ చేసినవాడు 37కి పడిపోయాడు’ అన్నదే అందరి నోటా వినిపించిన మాట.

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆ ఒక్క మాటతో అతనికి ధర కడితే తప్పు ధర కట్టినట్టే. 2024లో అతన్ని చూసి మురిసినవాళ్లు చూడని లోపం ఒకటుంది. 2025లో అతన్ని చూసి నిట్టూర్చినవాళ్లు చూడని మెరుగుదల కూడా ఒకటుంది. రెండూ ఒకే చోట ఉన్నాయి, స్ట్రైక్‌అవుట్ల (మూడు స్ట్రైక్‌లు పడి బ్యాటర్ అవుట్ కావడం) గడిలో. స్టీల్స్ కంటే ముందు ఆ గడిని చూడాలన్నది నా వాదన.

ఆటకు కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. మన దగ్గర ఫాంటసీ అంటే ఒక్క మ్యాచ్‌కు పదకొండు మందిని ఎంచుకోవడం. 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో డబ్బు పెట్టి ఆడే రకం ఆగిపోయింది. అమెరికాలో పాతుకుపోయిన ఫాంటసీ బేస్‌బాల్ తీరు వేరు. 1980లో డేనియల్ ఓక్రెంట్, అతని మిత్రులు మొదలుపెట్టిన రోటిసరీ పద్ధతిలో మార్చిలో జట్టును ఎంచుకుంటే సెప్టెంబరు చివరిదాకా, 162 మ్యాచ్‌ల సీజన్ పొడవునా దాన్ని నడుపుకోవాలి. బ్యాటర్లకు లెక్కలోకి వచ్చేవి అయిదు: బ్యాటింగ్ సగటు, హోమర్లు, ఆర్‌బీఐలు, రన్స్, స్టీల్స్. ఒక్కో విభాగంలో లీగ్‌లోని మిగతా జట్లతో పోల్చి పాయింట్లు ఇస్తారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసు లీగ్‌లో చేరిన తెలుగువాళ్లకు ఇది తెలిసిందే. ఒక్క మ్యాచ్‌లో మెరిసేవాడికీ ఆరు నెలలు మోసేవాడికీ ఉన్న తేడా ఇక్కడ చాలా పెద్దది. ఎలీ విషయంలో గందరగోళమంతా ఆ తేడా దగ్గరే పుడుతోంది.

ఎందుకంటే అతను మెరిసినట్టు ఇంకొకరు మెరవరు. 2023 జులై 8న మిల్వాకీలో జరిగింది చూడండి. ఏడో ఇన్నింగ్స్, స్కోరు సమం. ఎలీ సింగిల్ కొట్టి జట్టుకు ఆధిక్యం తెచ్చాడు. తర్వాతి బ్యాటర్‌కు పిచర్ ఎల్విస్ పెగెరో రెండే రెండు బంతులు వేశాడు. ఆలోపు ఎలీ రెండో బేస్ దొంగిలించాడు, మూడోదీ దొంగిలించాడు. పెగెరో బంతి చేతిలో పట్టుకుని తన దారిన మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) వైపు నడుస్తుంటే, వీపు తిరిగిన ఆ క్షణం చూసుకుని హోమ్ ప్లేట్‌కు పరుగెత్తి దాన్నీ కొట్టేశాడు. స్టేడియంలో ఉన్నవాళ్లకు ఏం జరిగిందో అర్థమయ్యేసరికి అతను డగౌట్‌లో చేతులు కలుపుతున్నాడు. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి అప్పటికి అయిదు వారాలు కూడా కాలేదు.

ఫాంటసీ పట్టికలో ఆ నిమిషం విలువ ఒక హిట్, ఒక ఆర్‌బీఐ, ఒక రన్, మూడు స్టీల్స్. గొప్పదే, కానీ అంతే. గంటకు వంద మైళ్లకు దగ్గరగా షార్ట్‌స్టాప్ నుంచి ఫస్ట్ బేస్‌కు అతను విసిరే బంతులకు వచ్చేది సున్నా. అదే వేగంతో గతి తప్పి ఎర్రర్లు అయినవాటికి పోయేదీ సున్నాయే. 2024లో 29, 2025లో 26 ఎర్రర్లు చేశాడు, మామూలు రోటిసరీ లీగ్‌లో వాటితో ఎవరికీ నష్టం లేదు. మన కళ్లు దేనికి చెదురుతున్నాయో, పట్టిక దేనికి పాయింట్లు ఇస్తోందో విడదీసి చూడకపోతే ఇతనికి ధర కట్టడం సాధ్యం కాదు.

ఇప్పుడు ఆ 67 సంగతి. 2024లో మేజర్ లీగ్ మొత్తంలో అదే అత్యధికం. అయితే ఆ అంకె వెనక నిబంధనల మార్పు ఉంది. 2023లో బేస్‌ల వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు. బేస్ మీదున్న రన్నర్‌ను బెదరగొట్టడానికి పిచర్ ఎన్నిసార్లయినా బంతి అటు విసిరే వీలు పోయింది. ఒక బ్యాటర్‌కు రెండుసార్లే అవకాశం, మూడోసారి విసిరి అవుట్ చేయలేకపోతే రన్నర్‌కు ఉచితంగా ఒక బేస్ ఇచ్చుకోవాలి. పైగా పిచర్ నిర్ణీత సమయంలోపే బంతి వేయాలనే పిచ్ క్లాక్ వచ్చింది. ఫలితం: 2022లో లీగ్ మొత్తం మీద 2,486 స్టీల్స్ ఉంటే, 2023లో 3,503 అయ్యాయి, 2024లో 3,617.

2022లో 41 స్టీల్స్‌తో జాన్ బెర్టీ లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. ఆ రోజుల్లో 67 స్టీల్స్ చేసేవాడు దొరికితే ఆ విభాగాన్ని ఒక్కడే గెలిపించేవాడు. ఇప్పుడు పరిస్థితి చూడండి. వేగానికి ఎన్నడూ పేరు లేని హువాన్ సోటో 2025లో 43 హోమర్లతో పాటు 38 స్టీల్స్ చేశాడు, అంటే ఎలీ కంటే ఒకటి ఎక్కువ. ఫస్ట్ బేస్‌మన్ జాష్ నేలర్ 30 చేశాడు. హోమర్ల కోసం సోటోను కొనుక్కున్నవాడికి స్టీల్స్ కొసరుగా వచ్చిపడ్డాయి. అందరి దగ్గరా ఉన్న సరుకుకు అరుదైన సరుకు ధర పెట్టలేం. కాబట్టి ఎలీ మళ్లీ 67 చేసినా, దాని విలువ పాత రోజుల్లో ఉన్నంత ఉండదు.

మళ్లీ చేస్తాడా? చేయడనే అనుకుంటున్నాను. 2024లో 67 సార్లు సఫలమై 16 సార్లు దొరికిపోయాడు, మొత్తం 83 ప్రయత్నాలు. 2025లో టెరీ ఫ్రాంకోనా మేనేజర్‌గా వచ్చాక ఆ ప్రయత్నాలే బాగా తగ్గాయి. కాలు మందగించడం వల్ల వచ్చిన తగ్గుదల కాదిది. జట్టు నడిచే పద్ధతి మారింది, ద్వితీయార్ధంలో గాయమూ తోడైంది. ఆరడుగుల అయిదంగుళాల మనిషి ఏడాదికి ఎనభైసార్లు నేల మీద జారుతూ బేస్‌లోకి దూకితే ఒళ్లు హూనమవుతుంది. తన ప్రధాన బ్యాటర్ అలా అరిగిపోవడం ఏ మేనేజర్‌కూ ఇష్టం ఉండదు. నేను 40 దగ్గర లెక్క కడతాను. అంతకు మించి వచ్చింది లాభం.

ఇక అసలు సంగతి, స్ట్రైక్‌అవుట్లు. 2023లో ఎలీ వందసార్లు బ్యాటింగ్‌కు వస్తే 34 సార్లు బంతి ఆటలోకి వెళ్లకుండానే వెనుదిరిగాడు. 2024లో 31 సార్లు. ఆ ఏడాది మొత్తం 218 స్ట్రైక్‌అవుట్లు, మేజర్ లీగ్‌లో ఎవరూ అన్ని చేయలేదు. 2025లో 181, వందకు 26. సగటులు ఏడాదికో తీరుగా ఊగుతాయి, అదృష్టం పాలు అందులో ఎక్కువ. స్ట్రైక్‌అవుట్ల రేటు అలా కాదు. ఒక సీజన్ నిండా, దాదాపు ఏడొందల సార్లు బ్యాటు పట్టిన తర్వాత అది వందకు అయిదు తగ్గిందంటే, బ్యాటర్ ఏదో నేర్చుకున్నాడని అర్థం. ఇరవై మూడేళ్ల వయసులో, స్విచ్ హిట్టర్‌గా రెండు వైపులా స్వింగ్‌ను కాపాడుకుంటూ ఇది సాధించడం చిన్న విషయం కాదు. అతని మీద నాకున్న నమ్మకానికి మూలం ఇదే.

ఇతనికి ఈ మెరుగుదల మిగతావాళ్ల కంటే ఎక్కువ పనికొస్తుంది. హోమర్లు పక్కనపెట్టి, ఆటలోకి వెళ్లిన అతని బంతుల్లో ఇంచుమించు మూడింట ఒకటి హిట్ అవుతోంది. వేరేవాళ్లయితే అవుటయ్యే బంతిని కూడా తన పరుగుతో హిట్ చేసుకుంటాడు. అలాంటివాడు ఏడాదికి నలభై బంతులు అదనంగా ఆటలోకి పంపితే, అందులో పదమూడు పద్నాలుగు హిట్లు పుడతాయి. ఆరొందల అట్‌బ్యాట్స్‌లో (సగటు లెక్కకు వచ్చే బ్యాటింగ్ అవకాశాల్లో) పద్నాలుగు హిట్లంటే సగటు 0.023 పెరిగినట్టే.

అయితే 2025లో అతని సగటు 2024లో ఉన్న 0.259 నుంచి 0.264కే ఎందుకు పెరిగింది? దీనికి జవాబు సీజన్‌ను రెండు ముక్కలు చేస్తే దొరుకుతుంది. సీజన్ మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామానికి ముందు 18 హోమర్లు, తర్వాత నాలుగు. ఎడమ తొడ కండరం పాక్షికంగా చిరిగినా ఆడుతూ వచ్చాడని సీజన్ అయిపోయాకే బయటికొచ్చింది. 162 మ్యాచ్‌లకు 162 ఆడాడు. రెడ్స్ 83 విజయాలతో ప్లేఆఫ్స్‌కు చివరి వైల్డ్‌కార్డ్ బెర్తు పట్టుకుంటున్న రోజులవి, అతను కూర్చుంటాననలేదు, కూర్చోమని జట్టూ గట్టిగా చెప్పలేదు. ఆ కాలుతోనే స్వింగ్‌కు బలం రావాలి, ఆ కాలుతోనే పరుగెత్తాలి. ఒక ఫాంటసీ యజమానిగా చూస్తే రెండు వారాలు గాయాల జాబితాలో ఉండి కోలుకుని వచ్చి ఉంటే బాగుండేది. ఆటను ప్రేమించేవాడిగా చూస్తే ఆ పట్టుదలను తప్పుపట్టలేను. ధర కట్టేటప్పుడు మాత్రం ద్వితీయార్ధాన్ని ఆరోగ్యంగా ఉన్న ఎలీ ఆటగా లెక్కించకూడదు.

లోపాలు లేవని కాదు. బంతిని నేలబారుగా కొట్టే అలవాటు ఇంకా పోలేదు. 2023లోనే గంటకు 119.2 మైళ్ల వేగంతో బంతిని కొట్టినవాడు, గ్రేట్ అమెరికన్ బాల్ పార్క్ లాంటి హోమర్లకు అనువైన మైదానంలో సగం మ్యాచ్‌లు ఆడేవాడు, 2025 దాకా ఏ సీజన్‌లోనూ 25 హోమర్లు దాటలేదు. బలం చాలక కాదు, బంతి గాల్లోకి లేవక. అది సరిదిద్దుకుంటే 35 దాకా వెళ్లగలడు. కానీ సరిదిద్దుకోని దానికి ముందే డబ్బు కట్టమని ఎవరికీ చెప్పను.

సగటు విషయంలో ఒక అపోహ ఉంది. ‘ఎలీని తీసుకుంటే బ్యాటింగ్ సగటు మునుగుతుంది’ అనే మాట 2023 నాటిది, అప్పుడు అతని సగటు 0.235. 2025లో మేజర్ లీగ్ మొత్తం సగటే 0.245. ఆ లెక్కన 0.264 జట్టును ముంచకపోగా కాస్త పైకే లేపుతుంది. విట్‌తో పోలిస్తే వెనకబాటే. విట్ సగటు 0.295, ఆరొందల అట్‌బ్యాట్స్‌లో 18, 19 హిట్ల తేడా. రోటిసరీలో ఆ తేడా ఒకటి రెండు పాయింట్లు మారుస్తుంది కాబట్టి విట్ ముందుండటం న్యాయమే. అంతకంటే ఎక్కువ దూరం ఇద్దరి మధ్య పెట్టడానికి నాకు కారణం కనిపించలేదు.

మరి షార్ట్‌స్టాప్ అన్న హోదాకు విలువ ఉందా? ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు బ్యాటింగ్‌లో అన్నింటికంటే నిండుగా ఉన్న స్థానాల్లో అదొకటి. గనర్ హెండర్సన్, ఫ్రాన్సిస్కో లిండోర్, ట్రే టర్నర్, జాక్ నీటో అందరూ అక్కడే. హెరాల్డో పెర్డోమో అయితే 2025 డ్రాఫ్ట్‌లలో ఎవరికీ పెద్దగా పట్టలేదు. సీజన్ అయ్యేసరికి 0.290 సగటు, 20 హోమర్లు, 100 ఆర్‌బీఐలు, 27 స్టీల్స్ చేతిలో పెట్టాడు. కాబట్టి ‘షార్ట్‌స్టాప్ కదా, ముందే పట్టుకోవాలి’ అని ఎలీకి అదనంగా ఒక్క డాలరు కూడా పెట్టనక్కర్లేదు. అతనికి ఇచ్చే ధరంతా అతని అయిదు విభాగాల మొత్తానికే ఇవ్వాలి.

లీగ్ రకాన్ని బట్టి ఆ ధర మారుతుంది, ఇది చాలామంది పట్టించుకోరు. పాయింట్స్ లీగ్‌లలో (చేసిన ప్రతి పనికీ నేరుగా పాయింట్లు ఇచ్చేవి) కొన్నింట్లో స్ట్రైక్‌అవుట్‌కు ఒక పాయింటు కోత, స్టీల్‌కు ఒక పాయింటు చేర్పు. ఆ కొలతతో చూస్తే ఎలీ 2024లో 67 సంపాదించి 218 పోగొట్టాడు, 2025లో 37 సంపాదించి 181 పోగొట్టాడు. అంటే ఈ రెండు గడులూ కలిపితే, అందరూ పెదవి విరిచిన సంవత్సరమే ఏడు పాయింట్లు మెరుగు. అయినా స్ట్రైక్‌అవుట్ల కంటే వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా దొరికే బేస్) ఎక్కువ తీసుకునే పెర్డోమో లాంటివాళ్లు అక్కడ అతన్ని దాటిపోతారు. పాయింట్స్ లీగ్‌లో రెండో రౌండ్ చివరిదాకా నేను ఎలీ పేరు ఎత్తను.

మామూలు రోటిసరీలో, పన్నెండు జట్ల లీగ్‌లో, తొలి రౌండ్ ద్వితీయార్ధంలో దొరికితే కళ్లు మూసుకుని తీసుకుంటాను. మొదటి మూడు ఎంపికల్లో తీసుకోను. వేలం పద్ధతిలో 260 డాలర్ల బడ్జెట్ ఉంటే 38 దాకా వెళ్తాను. 45 పలికితే, పక్కవాడు 67 స్టీల్స్ జ్ఞాపకానికి డబ్బు కడుతున్నాడని చేయి దించేస్తాను. 25 హోమర్లు, 40 స్టీల్స్, నూరు రన్స్, 0.270 దగ్గర సగటు. నా ధర వీటికి.

ఏళ్ల తరబడి ఆటగాళ్లను అట్టిపెట్టుకునే డైనస్టీ లీగ్‌లలో ఇంకాస్త తెగిస్తాను. 2026 జనవరి 11న అతనికి 24 నిండాయి. 2029 సీజన్ ముగిసేదాకా రెడ్స్ చేతుల్లోనే ఉంటాడు, అంటే ఇంకో నాలుగేళ్లు ఆ చిన్న మైదానం అతనికి ఖాయం. 2018లో డొమినికన్ రిపబ్లిక్ నుంచి 65 వేల డాలర్లకే రెడ్స్ ఒప్పందం చేసుకున్న కుర్రాడు ఇతను. ఎర్రర్ల కారణంగా ఏదో ఒక రోజు షార్ట్‌స్టాప్ నుంచి సెంటర్ ఫీల్డ్‌కో థర్డ్ బేస్‌కో మార్చినా అతని విలువ పెద్దగా తరగదు, ఎందుకో పైన చెప్పుకున్నాం.

నా అంచనా తప్పని తేల్చగలిగేది కూడా ఆ స్ట్రైక్‌అవుట్ల గడే. ఏప్రిల్, మే నెలల్లో స్టీల్స్ తక్కువున్నా, హోమర్లు తక్కువున్నా కంగారుపడి అమ్ముకోవద్దు. వందకు 26 ఉన్న రేటు మళ్లీ 31కి ఎగబాకిందా, అప్పుడు మాత్రం ఎవరు ఏ ధర ఇస్తామన్నా వినండి.