సవరణ: రజనీ హీరోగా తొలి సినిమా ‘భైరవి’ కాదు

మొన్న రజనీకాంత్ సినీ ప్రయాణం మీద రాసిన పోస్టులో, విలన్ వేషాలు వేస్తున్న ఆయన్ని తొలిసారి హీరోని చేసింది 1978 నాటి ‘భైరవి’ అన్నాను. అది తప్పు, పొరపాటు నాదే. పాత సినిమాల పట్టికల్లో విడుదల సంవత్సరాలు సరిచూశాను. అంతకు ఏడాది ముందే, 1977లో, ఈరంకి శర్మ తీసిన మన ‘చిలకమ్మ చెప్పింది’లో ఆయనది ప్రధాన పాత్ర. ‘భైరవి’ తమిళంలో ఆయన సోలో హీరోగా చేసిన మొదటి సినిమా. ‘తమిళంలో’ అన్న ఆ ఒక్క మాట వదిలేయడంతో తెలుగు సినిమా లెక్కలోంచే జారిపోయింది. 1975లో ‘అపూర్వ రాగంగళ్’లో గడ్డంతో, గేటు తోసుకుని తెరమీదికొచ్చిన కొత్త మనిషికి రెండేళ్లకే మనవాళ్లు అంత పాత్ర ఇచ్చారంటే అది చిన్న సంగతి కాదు. పోస్టులో ఆ వాక్యం మార్చాను.