స్కూలు బస్సు గారికి ఒక ఊరి విన్నపం

మహారాజశ్రీ పసుపు బస్సు గారికి,

ఉభయకుశలోపరి. ఏడున్నరకి రామాలయం దగ్గర మీ హారన్ మోగితే గానీ మా ఊరికి తెల్లారడం లేదు. టైలు, బెల్టులు బిగించుకుని పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. లోపల సీటు లేకపోయినా ఇంగ్లీషుకి లోటుండదని మా నమ్మకం.

మా మండల పరిషత్ బడి మీద మీకున్న దయ అంతా ఇంతా కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలు. ఏటా మీరు కొందరిని ఎక్కించుకుపోతుంటే లెక్క 60 కిందికి దిగింది, మూడో సారు వేరే ఊరు వెళ్లిపోయారు. అయిదు తరగతులు, ఇద్దరు సార్లు. అందులో ఒకరికి ఎప్పుడూ ఏదో ఒక మీటింగు. ‘అక్కడ చదువెక్కడుంది?’ అంటూ మిగిలినవాళ్లూ మీకోసం ఎదురుచూస్తున్నారు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 జీవో ఇచ్చి 3, 4, 5 తరగతుల్ని హైస్కూల్లో కలిపితే, పిల్లలు రోడ్డు దాటాలన్న భయంతో ఇంకొందరు తల్లులు మీకే అప్పజెప్పారు. ఆ జీవో 2025లో రద్దయింది. ఎక్కినవాళ్లు మాత్రం దిగలేదు.

మా వీధి చివరింట్లో అన్న మీ బస్సెక్కుతాడు, చెల్లి సర్కారు బడికి నడుస్తుంది. ఫీజుకి డబ్బులు ఒక్కరికే సరిపోయాయట. ఆ ఒక్కరు ఎవరన్న చర్చ ఇంట్లో జరిగినట్టు లేదు. రోజూ వాడి క్యారియరు మీ మెట్టు దాకా మోసుకొచ్చేది ఆ పిల్లే.

అన్నట్టు, బడిలో కుళాయి పాడైతే మండల విద్యాధికారి (ఎంఈవో)కి ఫోన్ చేసి గట్టిగా అడగగలిగే నాన్నల పిల్లలంతా ఇప్పుడు మీ దగ్గరే ఉన్నారు. సర్పంచి గారి మనవడికైతే కిటికీ సీటు. తల్లిదండ్రుల కమిటీలో మిగిలినవాళ్లు మీటింగుకి రావాలంటే ఆ పూట కూలి పోతుంది.

అందరి పిల్లలూ తమ పేటలోని ఒకే బడిలో చదవాలని దేశంలో చదువుల తీరు మీద కేంద్రం వేసిన కొఠారి కమిషన్ 1966లోనే రాసింది. మీరింకా పుట్టలేదు కాబట్టి ఆ ముచ్చట మీకు తెలిసుండదు.

చివరగా చిన్న మనవి. అడ్మిషన్ల కోసం మీ టీచర్లను ఇంటింటికీ పంపేటప్పుడు, మా బడి సార్లు తిరిగే రోజు కాకుండా చూసుకోండి. మొన్న ఒకే గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడితే, ఆ తల్లి మొహమాటానికి ఇద్దరికీ సరేనంది.

ఇట్లు,
మీ స్టాపు దగ్గరి గ్రామస్థుడు