మిల్స్ గారి దురదృష్టం గురించి ఇంకాస్త రాయాల్సింది

నెవాడా ఎడారి నేరోగేజ్ రైలు మీద ఆర్టికల్ బాగుంది గానీ కార్సన్ అండ్ కొలరాడో లైన్ అమ్మేసిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు, అసలు మజా అక్కడే కదండీ. మౌండ్ హౌస్ నుంచి కాలిఫోర్నియాలో కీలర్ దాకా దాదాపు 300 మైళ్లు, పట్టాల మధ్య మూడే అడుగులు, 1883కల్లా వేసేశారు, తీరా చూస్తే గనులు చతికిలపడ్డాయి. 300 మైళ్లు ఎక్కువ వేశామో 300 ఏళ్లు ముందే వేశామో అని ఆ లైన్‌కి డబ్బు పెట్టిన బ్యాంకర్ మిల్స్ వాపోయాడంటారు. చివరికి 1900లో సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి అమ్మేస్తే అదే ఏడాది నెవాడాలోని టోనోపాలో వెండి దొరికింది, సరుకంతా ఈ లైన్ మీదకే! పాపం మిల్స్, ఏం టైమింగో. ఇంకోటి, ఇదే లైన్ మీదున్న ఓవెన్యో స్టేషన్లో చిన్న వ్యాగన్లని ఎత్తు మీదకి ఎక్కించి కిందున్న స్టాండర్డ్ గేజ్ (ఇంకా వెడల్పాటి పట్టాల) వ్యాగన్లలోకి సరుకు గుమ్మరించేవాళ్లు, అది కూడా రాయాల్సింది. కాలిఫోర్నియాలోని లాస్ (Laws) అనే ఊరి నుంచి కీలర్ దాకా ముక్క మాత్రం 1960 వరకూ నడిచింది, 9వ నంబర్ ఇంజన్ ఇప్పటికీ లాస్ మ్యూజియంలో ఉంది.